కటకటరాజు మెడ పట్టిన అంకాలు

అనగా అనగా, ఉప్పుటేటికి అవతలి గట్టున ఒక రాజ్యం. దాన్ని ఏలే రాజుకి అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ, అందరూ చాటుగా కటకటరాజు అనేవాళ్ళు. ఎప్పుడు చూసినా పళ్ళు కొరుకుతూనే ఉండేవాడు. తింటూ కటకట, తిరుగుతూ కటకట, ఊరికే కూర్చున్నా కటకట. అంత కోపం మోస్తే ఏమవుతుంది? మెడ బిగిసింది. మెడ బిగిస్తే భుజాలు బిగిశాయి, భుజాలు బిగిస్తే తలనొప్పి వచ్చింది, తలనొప్పి వస్తే నిద్ర ఎగిరిపోయింది, నిద్ర ఎగిరిపోతే కోపం పెరిగింది, కోపం పెరిగితే మెడ ఇంకా బిగిసింది. ఊఁ కొట్టండర్రా, వింటున్నారా?

ఒళ్ళు పట్టడానికి మనుషుల్ని పట్టుకురమ్మన్నాడు. గట్టిగా పడితే నొప్పెట్టిందని చీకటి కొట్లో వేయించాడు. మెల్లిగా పడితే ఆటపట్టిస్తున్నావా అని కొట్లో వేయించాడు. భయానికి చేతులు వణికితే చక్కిలిగిలి పెట్టావని కొట్లో వేయించాడు. చూశారా వాడి బుద్ధి. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఏటి మీద పడవ నడిపేవాడు పోలయ్య. తెడ్డు వేసి వేసి చేతులు ఇనప కడ్డీల్లా ఉండేవి. ఈ చేతులైతే పనికొస్తాయని భటులు వాణ్ణి అన్నం ముందు నుంచి లేపుకుపోయారు. పాపం, వాడికి తెలిసింది తెడ్డు వెయ్యడమే. రాజు మెడనీ అలాగే ఒక్క లాగు లాగాడు. ఇంకేముంది, పోలయ్య కొట్లో పడ్డాడు.

పోలయ్య పెళ్ళాం అంకాలు. ఆ మాట చెవిన పడగానే మూలనున్న రోకలి అందుకుంది. గుమ్మంలో అత్త బంగారమ్మ అడ్డం నిలబడింది. ఒకప్పుడు ఊళ్ళో బాలింతలకీ పసిపిల్లలకీ నూనె రాసి ఒళ్ళు పట్టిన మనిషి ఆవిడ. వేళ్ళు కొంకర్లు పోయాక మానేసింది.

"రోకలి పట్టుకెళ్తే నిన్నూ వాడి పక్కనే వేస్తారు," అంది బంగారమ్మ. "పని నేర్చుకుని వెళ్ళు. నేను నేర్పుతాను."

"ఆ దుర్మార్గుడి మెడ నా చేతికి దొరికితే పిసికి చంపుతాను అత్తా."

"ముందు నా వీపు పట్టు, చూద్దాం."

అంకాలు పట్టింది. ఆ కోపంలో ఎలా పడుతుంది? ముసలావిడ ప్రాణం గిలగిల్లాడింది. అప్పుడు చెప్పడం మొదలెట్టింది. నూనె గోరువెచ్చగా చేసుకో. అరచేతులు రుద్దుకుని, వేడెక్కాకే మనిషిని ముట్టుకో. ముందు నిమురు, ఒళ్ళు నీ చేతికి అలవాటు పడనీ. ఆ తరవాతే పిసుకు. వెన్నుపూస మీద నొక్కకు, దానికి రెండు పక్కలా కండ మీద నొక్కు. వాపు మీద, గాయం మీద చెయ్యి వెయ్యనే వద్దు. మధ్యమధ్య ఎలా ఉందని అడుగు. చివర మళ్ళీ నిమిరి వదులు.

"మరి కోపం ఎక్కడ పెట్టుకోను?" అంది అంకాలు.

"నోట్లో పెట్టుకో. చేతుల్లోకి దిగనివ్వకు."

అంకాలు పగలంతా అత్త వీపు మీద నేర్చుకుంది. పొరుగమ్మ పిక్కల మీద నేర్చుకుంది. చెయ్యి కుదిరింది అని అత్త అన్నాక, మర్నాడు పొద్దున్నే నూనె గిన్నె పట్టుకుని తిన్నగా కోటకి నడిచింది. పిలవకుండా వచ్చిన మనిషిని చూసి రాజు తెల్లబోయి, సరే పట్టమని చెక్కబల్ల మీద బోర్లా పడుకున్నాడు.

ఇక చూడండి. నిమురుతూ తిట్టింది. నొక్కుతూ తిట్టింది. ఆగి, చేతిలో నూనె పోసుకుని, మళ్ళీ తిట్టింది. భటులు కత్తుల మీద చేతులు వేశారు. రాజు లేవబోయాడు. సరిగ్గా అప్పుడే మెడ పక్కన ముడి ఒకటి వదిలింది. హాయికి లేవలేకపోయాడు.

"చేతులు ఇంత మెత్తగా ఉన్నాయి, నోరేమిటి ఇలా ఉంది?" అన్నాడు.

"చేతులు మా అత్త నేర్పినవి. నోరు నాది," అంది అంకాలు. "పడవవాణ్ణి పట్టుకొచ్చి మెడ పట్టమన్నారు. రాని పని చెప్పింది మీరు, శిక్ష వాడికా?"

రాజు మెడ మెల్లిగా తిప్పి చూసుకున్నాడు. ఏం కావాలో కోరుకోమన్నాడు. కొట్టు తలుపు తియ్యమంది.

తీశారు. ఒక్కొక్కరే వచ్చారు. లోపల కప్పు ఎంత కిందకి ఉందంటే, ఎవరికీ నిటారుగా నిలబడే వీల్లేక నడుములు వంగిపోయాయి. పోలయ్య చీలమండ సంకెల ఒరుసుకుని బూరెలా వాచింది. అది చూసి అంకాలు చేతులు తుడిచేసుకుంది. రాజుకి అప్పటికి ఒక భుజమే అయింది.

"రెండోది పట్టను," అంది. "ముందు మీరు వీళ్ళకి పట్టండి."

కొట్టడానికి తప్ప మనిషి మీద చెయ్యి వెయ్యనివాడు వాడు. తల తీయించగలడు కూడా. ఒక భుజం దూదిలా ఉంది, ఇంకో భుజం బండలా ఉంది. ఎదురుగా ఆ వంగిపోయిన మనుషులు. వాళ్ళని చూసి, బల్ల దిగి వచ్చి నేల మీద కూర్చున్నాడు.

చల్లటి చేతులు వేస్తే పోలయ్య ఉలిక్కిపడ్డాడు. అరచేతులు రుద్దుకోమంది అంకాలు. వాపు మీదకి పోతుంటే చెయ్యి తోసేసింది. మెడ దగ్గర గట్టిగా నొక్కాడు. పోలయ్య అబ్బా అని, అన్నందుకు హడలిపోయాడు.

రాజు చేతులు తీసేశాడు. "నొప్పెట్టిందా?"

"పెట్టింది దొరా."

"నాకూ ముడి ఇక్కడే ఉంది," అన్నాడు రాజు మెల్లిగా.

"ఉంటుంది. కొట్లో ఉన్నా సింహాసనం మీదున్నా మెడ మెడే. మళ్ళీ పట్టండి, ఈసారి అడుగుతూ పట్టండి," అంది అంకాలు.

పొద్దు వాలేదాకా అందరికీ తనే పట్టాడు. చేతులు లాగేసి, ఒళ్ళంతా చెమట పట్టి, అప్పుడు తెలిసింది వాడికి ఆ పని ఎంతో. కొట్టు గోడలు పడగొట్టించాడు. అంకాలు రెండో భుజం పట్టింది, తిట్టడం మాత్రం ఆపలేదు. ఆ తిట్లు వింటూనే రాజు నోరు తెరుచుకుని నిద్రపోయాడు. పోలయ్య ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నాడు. బంగారమ్మ వాడి నడుముకి కాపడం పెట్టింది. అందరూ సుఖంగా ఉన్నారు.

మళ్ళీ పళ్ళు కొరకలేదా అంటావా పండూ? కొరికాడు. ఒక్కరోజులో పోయే రోగమా అది. అప్పుడప్పుడు అంకాలుకి కబురొచ్చేది. ఆవిడ తనకి వీలున్నప్పుడే వెళ్ళేది.

అందుకే అంటాను, ఒకరి చేత ఒళ్ళు పట్టించుకునేవాళ్ళు ముందు ఒకరికి పట్టడం నేర్చుకోవాలి. కథేమో కంచి దారి పట్టింది, మనం దుప్పటి దారి పడదాం.