మోట లాగిన ఎర్రెద్దు

కొండమడుగు మందకు ఉన్నది ఒక్కటే బావి. బావికి ఎద్దులు లాగి నీళ్ళు తోడే మోట, మోట కింద వరసగా మూడు తొట్లు. మొదటి తొట్టిలో తెల్లపశువులు తాగాలి. అవి తాగి వదిలింది రెండో తొట్టిలోకి పారుతుంది, అది ఎర్రవాటికి. ఆ రెండు తొట్ల ఎంగిలీ కలిసి మూడో తొట్టికి చేరుతుంది, అది నల్లవాటికి. మోట లాగేది మాత్రం నల్లవే.

మొదట్నుంచీ ఇలా లేదు. ఒక కరువు ఏట తెల్లమంద కొండ దాటొచ్చి గుక్కెడు నీళ్ళడిగింది. అడిగితే పోశారు. దప్పిక తీరాక దారిన పోలేదు సరికదా, కొమ్ముల బలంతో బావిని చుట్టేసి, తొట్టికీ తొట్టికీ మధ్య ముళ్ళకంప నాటించింది. ఆ మందకు పెద్ద, శంఖం అనే ఆబోతు. ఆబోతు చెవిలో సలహాలు ఊదడానికి సుద్దులయ్య అనే నక్క చేరాడు.

ఎవరు ఏ తొట్టికి పోవాలో తేల్చింది సుద్దులయ్యే. ఆ రోజున ఒక తల్లి కడుపున పుట్టిన రెండెద్దులు విడిపోయాయి. పెద్దవాడు రాగి, ఒళ్ళంతా ఎరుపు. చిన్నవాడు నేరేడు, పేరుకు తగ్గ నలుపు. వాళ్ళ తల్లి మచ్చలావు సగం ఎరుపు, సగం నలుపు. నక్క దాని చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయాడు.

"నీకేది కావాలో నువ్వే చెప్పు" అన్నాడు.

మచ్చలావు నేరేడు వెనకాలే నడిచి మూడో తొట్టి వైపు వెళ్ళిపోయింది. ఆ నడక రాగి గుండెలో ముల్లై దిగింది.

అప్పట్నుంచి రాగికి కంటినిండా కునుకు లేదు. పొద్దున్నే తలెత్తి మొదటి తొట్టి చూస్తాడు. అక్కడి నీళ్ళలో ఆకాశం కనిపిస్తుంది, తన తొట్టిలో తెల్లవాటి చొంగ కనిపిస్తుంది. కడుపు మండుతుంది. పొద్దువాలేవేళ తలదించి కిందికి చూస్తాడు. అక్కడ సరైన నీళ్ళూ లేవు, పచ్చగడ్డీ లేదు. అయినా అందరూ నేరేడు చుట్టూ మూగి కబుర్లాడుకుంటుంటారు. కాడి ఒరుసుకుని పుండైన నేరేడు మెడను అమ్మ నాకుతూ ఉంటుంది. అది చూస్తే రాగికి ఇంకా మండుతుంది. నా మెడ నాకేవాళ్ళెవరు, నాకు పుండన్నా లేదే అనుకునేవాడు. ఎద్దు పుండు కాకికి ముద్దంటారు గానీ, అన్న ఎద్దుకే తమ్ముడి పుండు ముద్దొచ్చింది.

ఒకనాడు నేరేడు కంప దగ్గరికి వచ్చాడు.

"అన్నా, రేపట్నుంచి మేం మోట లాగం. నీళ్ళు కావాలంటే కంప తియ్యాలని శంఖానికి చెప్పేశాం."

"దానికి నన్నేం చెయ్యమంటావు?"

"ఏమీ చెయ్యొద్దు. మా బదులు మీరు కాడి కిందికి రాకండి, అంతే. వాగులో చెలమలు తవ్వుకున్నాం. అందరికీ కడుపు నిండదు గానీ ప్రాణం నిలుస్తుంది. మీ వాటా మీకుంటుంది."

"ఇదంతా ఎవరి ఆలోచన?"

"నాదే. అన్నని అడుగు, వాడు కాదనడు అంది అమ్మ."

అడగడానికి కూడా వాడినే పంపిందన్నమాట, అనుకున్నాడు రాగి. "చూద్దాంలే" అని ముఖం తిప్పుకున్నాడు.

తమ్ముడు అటు వెళ్ళాడో లేదో నక్క ఇటు వచ్చాడు.

"తమ్ముడొచ్చినట్టున్నాడు రాగన్నా. బుద్ధిమంతుడు. ఆ మందంతా వాడు గీసిన గీత దాటదట."

రాగి తోక ఒకసారి విసిరాడు.

"రేపు కంప పోయిందనుకో. బావి దగ్గర ఎవరి మాట చెల్లుతుంది? నీదా? నేరేడు వాళ్ళన్న వచ్చాడు, కాస్త జరగండి అంటారు. నీకంటూ పేరే ఉండదు."

"అయితే ఏమంటావు?"

"నాలుగు రోజులు మీవాళ్ళు మోట లాగండి. ఆ తర్వాత మొదటి తొట్టి దగ్గర మీకు చోటు."

"దొర ఒప్పుకుంటాడా?"

"నా నోట్లో ఉన్నది దొర నాలుకే కదయ్యా."

రాగి వెళ్ళి ఎర్రమందకు నచ్చజెప్పాడు. ఆకాశం కనిపించే నీళ్ళని చెప్పాడు. తమ్ముడి మీది కడుపుమంట సంగతి మాత్రం చెప్పలేదు. మర్నాటి నుంచి ఎర్రెద్దులు కాడి మోశాయి. కంప అవతల నల్లమంద నిలబడి చూసింది. ఒక్కరూ తిట్టలేదు. మచ్చలావు ఒకసారి రాగి వైపు చూసి తల వంచుకుంది.

చెలమలు అడుగంటాయి. దూడలు నాలుకలు బయటపెట్టాయి. నేరేడు తల దించుకుని మందను మళ్ళీ మోటకు తోలుకొచ్చాడు. అది చూసి రాగికి కడుపు చల్లబడింది. ఆ సాయంత్రం తనవాళ్ళను వెంటబెట్టుకుని దర్జాగా మొదటి తొట్టికి బయల్దేరాడు.

సుద్దులయ్య అడ్డం నిలబడ్డాడు. "ఆగు రాగన్నా, మెడ చూపించు."

"మెడకేం?"

"కాడి కింద కాయ కాసి నల్లబడిపోయిందే. నల్లమెడవాళ్ళు మూడో తొట్టికి పోవాలి. మోట వంతు కూడా వాళ్ళతో కలిసి లాగాలి."

"నువ్వు లాగమంటేనే కదా లాగాను."

"లాగావు కాబట్టే నల్లబడింది. దొరగారి మందలో దూడలు పెరిగాయి, రెండో తొట్టి వాటికి కావాలి మరి."

ఏరు దాటి తెప్ప తగలేసినట్టయింది. ఎర్రమంద అంతా రాగిని తిట్టుకుంటూ కిందికి దిగింది. అందరికంటే వెనక రాగి దిగాడు.

మూడో తొట్టి దగ్గర నేరేడు పక్కకు జరిగి చోటిచ్చాడు. నేనైతే ఇలా జరిగేవాణ్ణి కాదు, అనుకున్నాడు రాగి. ఆ మంచితనం చూసి కూడా కుళ్ళుకున్నాడు. అప్పుడు మచ్చలావు వచ్చి అతని మెడ నాకడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఆనాడు వాడితోనే ఎందుకు పోయావు?"

"వాడికి నీళ్ళు తక్కువ కదా నాయనా. నీ తొట్టిలో నాకేం పని?"

రాగి చివరికి తమ్ముడి వైపు తిరిగాడు.

"తప్పు నాదే. నువ్వంటే ఓర్వలేక చేశాను."

"తెలుసు."

"తెలిసీ చోటిచ్చావా?"

"అక్కసు నీ ఒక్కడి సొత్తా అన్నా? నీ తొట్టి చూసి నేను ఏడవని రోజుందా?" అన్నాడు నేరేడు. "అది సరే, ఈసారి మోట ఆపితే మన బదులు లాగేవాళ్ళెవరు?"

ఇద్దరూ బావి వైపు చూశారు. ఎవరూ లేరు.

తొలకరి కురిసి చెలమలు ఊరాక ఎర్రవీ నల్లవీ కలిసి కాడి దించేశాయి. రెండోనాటికే మొదటి తొట్టి అడుగు కనిపించింది. నక్క ఆయాసపడుతూ రాగి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"రాగన్నా, ఈ గొప్పంతా మళ్ళీ నేరేడుకే పోతుంది. నీకు కుళ్ళుగా లేదా?"

"ఉంది సుద్దులయ్యా. వాణ్ణి చూస్తే ఇవాళ్టికీ కడుపు మండుతుంది. కానీ ఆ మంట మీద నిన్ను వంట చేసుకోనివ్వను."

నక్క ఉత్త చేతులతో వెనక్కి పోయాడు. శంఖం నాలుక పిడచగట్టి ఉంది.

"లాగేవాళ్ళేరి?" అన్నాడు.

"దొరకలేదు దొరా."

"అయితే నువ్వు లాగు."

సుద్దులయ్య మెడ కాడికి ఆనలేదు. ఎంత బిగించినా జారిపోయాడు. మూడోనాడు శంఖం తన కొమ్ములతోనే కంప పెకలించాడు. నీళ్ళకు అందరూ ఒక్క వరసలో నిలబడ్డారు, మోట లాగడానికి తెల్లెద్దులకూ వంతు పడింది. వరసలో చిట్టచివర నిలబడ్డ నక్క తన ముందువాళ్ళ చెవుల వైపు ఆశగా చూశాడు గానీ, ఎవరూ తల వంచలేదు.

పక్కవాడి తొట్టినే చూసేవాడికి తన మెడ మీద కాడి ఎప్పుడు పడిందో తెలియదు.