గవరయ్య పెళ్ళికి ఇంటర్వెల్

గవరయ్య, సన్యాసి, తాతబ్బాయి అన్నదమ్ములు. ముగ్గురూ అరవైకి దగ్గరపడ్డ బ్రహ్మచారులే. తెలివిలో తమను మించినవాళ్ళు ఊళ్ళో లేరని వాళ్ళ గట్టి నమ్మకం. ఆ సంగతి ఊరికింకా తెలియలేదు, అదొక్కటే లోటు.

పెద్దాడు గవరయ్యకి ఇడ్లీల అప్పలకొండంటే ప్రాణం. పాపం ఆవిడా ఒంటరిదే. రోజూ పొద్దున్నే వెళ్ళి చట్నీ బాగుందని చెప్పి, అసలు మాట మింగేసి, ఇంటికొచ్చి కుమిలిపోయేవాడు.

ఇంతలో టౌన్లో ముదురు వయసు ప్రేమల సినిమా వచ్చింది. ముగ్గురూ చూశారు. అందులో నెరిసిన హీరో పెళ్ళాడమంటాడు, ఆవిడ ఛీ కొడుతుంది, ఇంటర్వెల్ పడుతుంది, ఆ తర్వాత ఆవిడే వెతుక్కుంటూ వస్తుంది.

"ఓస్, ఇంతేనా" అన్నాడు గవరయ్య.

మర్నాడే తమ్ముళ్ళని వెంటేసుకుని వెళ్ళి అడిగేశాడు. అప్పలకొండ గరిటె పక్కన పెట్టి, కళ్ళొత్తుకుని, "ఇన్నాళ్ళకా నోరు పెగిలింది? సరే, చేసుకుందాం" అంది.

తమ్ముళ్ళ మొహాలు మాడిపోయాయి.

"అలా కాదొదినా, ముందు నువ్వు ఛీ కొట్టాలి" అన్నాడు సన్యాసి.

"ఎందుకూ? నాకిష్టమేగా."

"ఇప్పుడే ఇష్టమనేస్తే రెండో సగంలో ఏం చూస్తాం?" అన్నాడు తాతబ్బాయి.

గవరయ్యకీ సబబే అనిపించింది. "ఒక్కసారి కొట్టు అప్పలకొండా, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలాడు.

అంతే. ఆవిడ చట్నీ గిన్నె ఎత్తి ముగ్గురి నెత్తినా కుమ్మరించి, ఛీ కొట్టి మరీ గెంటేసింది. గవరయ్య ఆనందం పట్టలేకపోయాడు.

ఇంకేముంది, ఇంటర్వెల్ కదా, ఎదురరుగు మీద చేరి సమోసాలు తినసాగారు. బెల్లు కొట్టేదాకా లేవకూడదనుకున్నారు. ఏ బెల్లూ మోగలేదు. వీళ్ళకి సమోసాలమ్మడానికొచ్చే పోలయ్య, పెళ్ళాం పోయినవాడు, రోజూ అటెళ్ళి ఇడ్లీలు తిన్నాడు. నెల తిరక్కుండా అప్పలకొండ మెళ్ళో తాళి కట్టేశాడు.

గవరయ్య బావురుమన్నాడు.

"ఏడవకన్నయ్యా. ఈ ఆట ఇలా అయింది. రేపు మళ్ళీ మొదటినుంచి వేస్తారుగా" అని ఓదార్చాడు సన్యాసి.

నిజమేకదా అనుకున్నాడు గవరయ్య. తెల్లారగానే శుభ్రంగా తల దువ్వుకుని వెళ్ళి తలుపు కొట్టాడు. పోలయ్య తలుపు తీశాడు.

"నువ్వప్పుడే లోపలున్నావేమిటయ్యా?" అని కసిరాడు గవరయ్య. "నువ్వొచ్చేది ఇంటర్వెల్లో. పో, పోయి సమోసాలు వేయించుకో."