శరభగిరి మెలకువ తల్లి

శరభగిరి పట్టణానికి తూర్పు కోటవాకిలి గుండా వచ్చే యాత్రికులకు ఎడమచేతి వైపు, కూలిన ఏనుగుల సాల పక్కన, చిన్న రాతి మండపం కనిపిస్తుంది. దీనికి గోపురం లేదు, ప్రాకారం లేదు. నడిమి స్తంభానికి ఆనుకొని, మోకాళ్ల మీద చేతులు వేసుకొని కూర్చున్న ముదుసలి రూపంలో ఇక్కడ అమ్మవారు దర్శనమిస్తారు. ఆమె కన్నులు విశాలంగా తెరుచుకొని ఉంటాయి. శిల్పి వాటికి రెప్పలు చెక్కలేదు. ఈ తల్లికే మెలకువ తల్లి అని పేరు. ఇతర ఆలయాలలో వలె తెల్లవారుజామున మేలుకొలుపు గానీ, రాత్రి పవళింపు సేవ గానీ ఇక్కడ జరగవు. ఎన్నడూ నిద్రపోని తల్లిని లేపేదెవరు, జోకొట్టేదెవరు అని అర్చకులు నవ్వుతూ అంటారు.

వానలు వెనుకబట్టి ఆకాశం తేటపడే శరత్కాలంలో ఇక్కడికి కుటుంబాలకు కుటుంబాలే తరలివస్తాయి. శని ఆదివారాలు చూసుకొని వచ్చి, కోట తిరిగి, రాజవీధిలో గాజులు కొనుక్కొని, రెండు పూటలు అమ్మ నీడన గడిపి వెళతారు. ఈ రాకపోకలు ఎలా మొదలైనవో పెద్దల నోట విన్న ప్రకారం ఇక్కడ మనవి చేస్తున్నాము.

పూర్వం ఇక్కడ ఏలిన రాజులు వెళ్లిపోయిన తరువాత నగరం సగం పాడుపడింది. కోటగోడలు నిలిచే ఉన్నా వాటి మీద కావలివారు లేరు. బజారు మాత్రం సాగుతూ ఉండేది. ఆ కాలంలో కొండకు దిగువన, ఏటిగట్టు మీది ఏటిపాలెంలో బొల్లన అనే తమలపాకు రైతు ఉండేవాడు. అతని భార్య మాచమ్మ. తల్లి గౌరసాని, ఆరేళ్ల కూతురు మైలి. అదీ వారి సంసారం.

ఒక భాద్రపదంలో చెప్పాపెట్టకుండా ఏరు పొంగింది. చాప కింద తడి తగిలి మాచమ్మకు మెలకువ వచ్చింది. కేక వేసి అందరినీ లేపింది. అత్తను భర్త వీపున ఎక్కించి, బిడ్డను తాను చంకన వేసుకొని గట్టు ఎక్కేసరికి వెనుక ఇంటి గోడ కూలిన చప్పుడయింది. నలుగురూ బ్రతికి బయటపడ్డారు. ఊరంతా మాచమ్మను మెచ్చుకుంది. గౌరసాని కోడలి బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది.

"నువ్వు లేవకపోతే ఏమైపోయేవాళ్లమే తల్లీ!" అంది.

ప్రేమతో అన్న ఆ మాటే మాచమ్మ గుండెలో ముల్లై కూర్చుంది. నిజమే, తాను లేవకపోతే? ఇంకొంచెంసేపు ఆదమరచి ఉంటే? నీరు తీసింది. కొత్త గోడలు లేచాయి. తీగలు మళ్లీ అవిసె చెట్లకు ఎగబాకాయి. ఆమెకు మాత్రం నిద్ర తిరిగి రాలేదు. రాత్రి కాగానే గడపలో కూర్చొని నేలను అరచేత్తో తడిమి చూసేది. పగలు కన్ను మూతపడబోతే ఉలిక్కిపడి "మైలీ!" అని అరిచేది. బిడ్డ పక్కనే ఉండేది. రానురాను ఆమె కళ్లు గుంటలు పడ్డాయి. కూరలో ఉప్పు వేసిందో లేదో గుర్తుండేది కాదు. ఒకనాడు ఎండిన నేల మీద నడుస్తూ, నీళ్లలో నడిచినట్టు చీరె కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది. అది చూసి బొల్లన భయపడ్డాడు.

వైద్యుడు కషాయాలు ఇచ్చి, గుణం కనిపించక చివరికి ఇలా అన్నాడు. "ఏటి చప్పుడు వినపడని చోటికి తీసుకుపోవయ్యా. రెండు రోజులు ఏ పనీ చెప్పకు."

గౌరసాని వెంటనే శరభగిరి పేరు ఎత్తింది. అది కొండమీది నగరం, ఎంత వరద వచ్చినా నీరు ఎక్కదు. మైలికి కోట చూపించినట్టూ ఉంటుంది. ఆశ్వయుజ మాసంలో ఆకుకోత తెరిపి ఇచ్చిన రోజు చూసి, వాళ్లు అటుకులూ బెల్లమూ మూటగట్టుకొని బండిలో బయలుదేరారు.

కొండదారి పొడుగునా తంగేడు పూసి ఉంది. ఎండ కూడా పలచని పసుపు నీళ్లలా ఉంది. మాచమ్మకు అదంతా ఎవరో చెబుతుంటే వింటున్నట్టు తోచింది. నగరం చేరాక మైలి కాలు నిలవలేదు. రాతి వాకిలిలో అరిచి తన గొంతే తిరిగి వినపడితే కిలకిల నవ్వింది. ఏనుగుల సాలలో ఏనుగులు దూరేంత కమానుల కింద పరుగెత్తింది. బొల్లన రాజవీధిలో భార్యకు నల్లగాజులు తొడిగించాడు. అత్తాకోడళ్లు పాలకోవా కొనుక్కొని రాణివాసపు అరుగు మీద కూర్చొని తిన్నారు. సాయంత్రం చంద్రుడు లేచి, పైకప్పు లేని మేడలన్నింటిలోనూ వెన్నెల నిండింది. అంత అందమైన చోట కూడా మాచమ్మ కన్ను మూయలేదు. విడిది చేసిన సత్రంలో గడప చూసుకొని కూర్చుంది.

మరునాడు మధ్యాహ్నం ఎండకు ఆగి నలుగురూ ఈ మండపంలో చేరారు. అప్పటికి దీనికి పేరు లేదు. నడిమి స్తంభాన్ని అడవితీగలు దట్టంగా కమ్మి ఉన్నాయి. చల్లని రాతిమీద నడుం వాల్చగానే గౌరసానికి, బొల్లనకు కునుకు పట్టింది. మైలి తల్లి కొంగు పట్టుకొని నిద్రపోయింది. మాచమ్మ ఒక్కతే మెలకువగా ఉంది.

అప్పుడు ఒక అవ్వ వచ్చి ఆమె ఎదుట చతికిలబడింది. నేతచీర, తెల్లని జుట్టు. ముఖమంతా ముడతలే అయినా కళ్లు మాత్రం పసిపిల్ల కళ్లలా ఉన్నాయి.

"ఎందుకు బిడ్డా కాపలా కూర్చున్నావు?" అని అడిగింది.

ఎవరికీ చెప్పని మాట మాచమ్మ ఆ కొత్త మనిషికి చెప్పేసింది. "నేను పడుకుంటే వీళ్లకు ఏదో అవుతుందవ్వా."

"ఈ కోటకు కావలి నేనే. కాసేపు నేను చూస్తాను, నువ్వు ఒరుగు."

"మీరు కూడా నిద్రపోతే?"

"నాకు నిద్ర ఎప్పుడో మరుపయింది తల్లీ. మెలకువగా ఉండడం నాకు బరువు కాదు. నీకు బరువయింది. ఆ బరువు ఇటు ఇచ్చేయి" అని అవ్వ దోసిలి పట్టింది.

మాచమ్మ ఆ దోసిలి వంక చూసింది. ఇవ్వడానికి తన చేతిలో ఏమీ లేదు. అయినా రెండు చేతులూ ఎత్తి ఆ ముడతల చేతుల్లో పెట్టింది. "పిల్ల చూడండి అవ్వా, చెంగుమని లేచి పరుగెత్తుతుంది" అని చెబుతూనే పక్కకు ఒరిగింది. మాట పూర్తయిందో లేదో ఆమెకు తెలియదు.

ఆ నిద్రలో కల వచ్చింది. శరభగిరి వీధులన్నీ ఏరై పారుతున్నాయి. అయితే ఆ నీళ్లు భయపెట్టలేదు. వెన్నెల రంగులో, గోరువెచ్చగా, మోకాటి లోతున ఉన్నాయి. సాలలోనుంచి ఏనుగులు లేచివచ్చి జలకాలాడుతున్నాయి. పైనుంచి పెద్ద పెద్ద తమలపాకులు తేలి వస్తున్నాయి. ఒక్కొక్క ఆకు మీద ఏటిపాలెంలోని ఒక్కొక్క ఇల్లు దీపంతో సహా ఉంది. ప్రతి ఇంటిలోనూ జనం హాయిగా నిద్రపోతున్నారు. అవ్వ నీటి నడుమ కూర్చొని, ఆ ఇళ్లను అరచేత్తో మెల్లగా ఒడ్డుకు నెడుతోంది.

ఆమె తల ఎత్తకుండానే మాట్లాడింది. "ఏలినవారు నన్ను ఇక్కడ కావలి పెట్టారు. వాళ్లు వెళ్లిపోయారు గానీ నన్ను వెళ్లమని ఎవరూ చెప్పలేదు. కాయడానికి మనుషులు లేక పొద్దుపోవడం లేదు. అలసినవాళ్లు ఉంటారు, నా దగ్గరకు పంపు. నాకు తలుపు పెట్టవద్దు, చూపుకు అడ్డం. గంట కట్టవద్దు, పడుకున్నవాళ్లు ఉలిక్కిపడతారు."

మాచమ్మ కళ్లు తెరిచేసరికి ఎండ నారింజ రంగుకు తిరిగింది. అవ్వ లేదు. మైలి ఆమె తలదాపున బుద్ధిగా కూర్చొని ఉంది. పరికిణీ నడుము దాకా తడిసి ఉంది.

"నీళ్లెక్కడివే?" అంది మాచమ్మ, తడిసిన అంచు పట్టి చూస్తూ.

"బావి దగ్గర పావురాలు చూడబోయానమ్మా. మెట్టు జారింది. అవ్వ చెయ్యి పట్టుకొని పైకి లాగింది. అమ్మను లేపకు, పాపం ఇప్పుడే పడుకుంది అంది."

ఏనుగుల సాల వెనుక దిగుడుబావి ఉంది. దాని మెట్లు పాచి పట్టి ఉంటాయి, అడుగు ఎవరూ చూడలేదు. మైలి మణికట్టు చుట్టూ ఐదు వేళ్ల గుర్తులు ఎర్రగా తేలి ఉన్నాయి. ఇన్నాళ్లూ ఏది జరుగుతుందని కన్ను మూయలేదో, అది ఆమె కన్ను మూసిన వేళనే జరిగింది. జరిగినా బిడ్డ ఎదురుగా ఉంది, ఆకలేస్తోందని అటుకులు అడుగుతోంది. మాచమ్మ కూతురిని ఒడిలోకి లాక్కొని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. ఆ అలికిడికి భర్త, అత్త లేచి ఏమైందో తెలియక తెల్లబోయారు.

సంగతి విని బొల్లన అవ్వ కోసం బజారంతా వెదికాడు. అలాంటి ముసలామె ఈ ఊళ్లోనే లేదని అంగళ్లవారు చెప్పారు. అతడు తిరిగివచ్చేసరికి మైలి నడిమి స్తంభం దగ్గర నిలబడి తీగల సందుల్లోకి తొంగిచూస్తోంది.

"అవ్వ ఇక్కడే ఉంది నాయనా!"

తీగలు తొలగించి చూస్తే రాతి ముదుసలి కూర్చొని ఉంది. రెప్పలు లేని కళ్లు తెరుచుకొని ఉన్నాయి. ఒళ్లంతా ఏళ్లనాటి దుమ్ము. కుడిచెయ్యి ఒక్కటే మోచేతి దాకా తడిగా ఉంది. గౌరసాని అక్కడికక్కడే సాగిలపడింది. మాచమ్మ మాత్రం ఎదురుగా కూర్చొని, తన కొంగుతో అమ్మ ముఖం తుడిచింది. కలలో విన్న మాటలు అందరికీ చెప్పింది. బజారువారు ముందుకు వచ్చి మండపం శుభ్రం చేసి దీపం పెట్టారు. ఆ కార్తికంలోనే చుట్టుపక్కల ఊళ్ల కుటుంబాల రాక మొదలైంది.

ఇంటికి చేరిన నాటినుంచి మాచమ్మ గడప విడిచి అందరి నడుమ చాప వేసుకుంది. తరువాత ఏరు పొంగలేదా అంటే, పొంగింది. ఆ రాత్రి ముందుగా లేచి అందరినీ లేపినవాడు బొల్లన. మాచమ్మను లేపడానికి అతడు చాలాసేపు భుజం పట్టి కుదపవలసి వచ్చిందని, ఏటిపాలెంలోని ఆమె వంశీకులు నేటికీ మురిపెంగా చెప్పుకుంటారు.

అమ్మ ఆజ్ఞ ప్రకారం నేటికీ ఈ సన్నిధిలో గంట మోగదు, తలుపు లేదు. నైవేద్యం అటుకులూ బెల్లమే. మధ్యాహ్న హారతి కాగానే భక్తులు మండపంలో చాపలు పరుచుకొని నిద్రిస్తారు. ఆ సమయంలో అర్చకులు సైతం గుసగుసగానే మాట్లాడతారు. రోగికి సేవ చేసి సొలసినవారు, పసిబిడ్డల తల్లులు, రాత్రి కాపలా ఉద్యోగాలు చేసేవారు ఇక్కడ ఒక్క పూట కన్ను మూస్తే ఎంతోకాలపు అలసట తీరుతుందని నమ్మకం. ఇంట ఒకరికొకరు అండగా ఉండే బుద్ధి కలుగుతుందని ఫలశ్రుతి.

పడుకునే ముందు ప్రతి ఒక్కరూ ఖాళీ చేతులు అమ్మ చేతులకు ఆనించి మొక్కుతారు. దీనికి వేరే మంత్రం లేదు. "మా పిల్లలు ఆడుకుంటున్నారమ్మా, కాస్త చూస్తూ ఉండు" అని చెప్పి, ఇటు తిరిగి పడుకుంటే చాలు.