గవరయ్య కారుకి ముగ్గురు సలహాదార్లు

అనగనగా, జంతువులు కూడా కార్లు తోలే కాలంలో, కొండకింద సంతపేటలో గవరయ్య అనే గాడిద ఉండేవాడు.

వాళ్ల తాతముత్తాతలంతా మూటలు మోసి మోసి వీపులు పుండ్లు చేసుకున్నవాళ్లే. గవరయ్య ఒక్కడే ఓ పాత కారు కొన్నాడు. మూటలు డిక్కీలో పడేసి, కొండమీదికి దర్జాగా తోలుకెళ్లేవాడు. వీపు మీద పుండ్లు మానాయి. కొత్త వెంట్రుకలు కూడా మొలిచాయి.

ఇక ఆ కారే వాడికి దేవుడు. ప్రతి శుక్రవారం కడిగి, నిమ్మకాయ కట్టి, ముందువైపు బంతిపూల దండ వేసేవాడు. పాత దండ మాత్రం తీసేవాడు కాదు.

"దండ తీస్తే లచ్చిమి దిగిపోద్ది" అనేవాడు.

దండ మీద దండ. దాని మీద వేపమండ.

ఒకరోజు కొండ ఎక్కుతుంటే బానెట్ లోంచి బుస్సుమని ఆవిరి. ఇంజను టకటకా కొట్టుకుని ఆగిపోయింది. తాళం ఎంత తిప్పినా ఉలకదు, పలకదు. ఎలాగో కిందికి తోసుకొచ్చాడు. అప్పటికే వీపు దురద పెడుతోంది.

ముందు కోతి మెకానిక్ తిప్పయ్య గెంతుకుంటూ వచ్చాడు. బానెట్ ఎత్తాడు, దించాడు.

"ఇంజను పోయింది గవరన్నా! మొత్తం మార్చాల్సిందే. మార్చామా, గుర్రమే! నీ మంచికే చెప్తున్నా."

"అంత గుర్రమైతే, మార్చి నువ్వే ఉంచుకోరాదూ?" అన్నాడు గవరయ్య.

తిప్పయ్య బుర్ర గోక్కున్నాడు. "నాకెందుకన్నా! నేను చెట్ల మీద తిరిగేవాణ్ణి."

'ఓహో' అనుకున్నాడు గవరయ్య.

తర్వాత నక్క జంబన్న వచ్చాడు. కారు చుట్టూ ఓ ప్రదక్షిణం చేశాడు. ముందువైపు కాసేపు ఆగాడు. దండల వంక ఓ చూపు చూశాడు.

"తుక్కు బావా, వట్టి తుక్కు. బాగుచేయిస్తే బూడిదలో పోసిన పన్నీరే. నాకమ్మెయ్. నీ మంచికే."

"తుక్కు నీకెందుకు బావా?"

"నీ బాధ చూడలేక!"

అంటూనే లోపల కూర్చున్నాడు. సీటు తన కాళ్లకి సరిపడా ముందుకి జరిపాడు. అద్దం తన మొహానికి తిప్పుకున్నాడు.

'తుక్కు కొనేవాడు అద్దం సర్దుకుంటాడా?' గవరయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. కానీ ఏం చేస్తాడు? మూటలు ఎదురుచూస్తున్నాయి.

"సరే, పొద్దుగూకే లోపు బండి లాక్కుపోను తాడు తెచ్చుకో" అన్నాడు నీరసంగా.

నక్క అటు పోగానే మేక పోలమ్మ వచ్చి నిలబడింది.

"నువ్వేం కొట్టేద్దామని వచ్చావ్?" కసిరాడు గవరయ్య.

"ఆ బంతిపూలు."

"ఇంకా?"

"వేపాకులు కూడా."

"నా మంచికేనా?"

"నీ మంచి నాకెందుకురా? నాకు ఆకలి!"

"మరి బండి సంగతేంటి?"

"బండి నేను తిననుగా."

పొద్దున్నించీ గవరయ్యకి మొదటిసారి నవ్వొచ్చింది. "ఎలాగూ పోయే బండేగా. తిను."

పోలమ్మ మొదలెట్టింది. పచ్చి దండ తింది. ఎండు దండ తింది. అడుగున అట్టకట్టిన దండల్ని లాగి, మొహం చిట్లించి, అవీ తింది. చివరికి లోపల్నించి, ఇంజనుకి గాలి పోయే నల్లటి జాలీ బయటపడింది.

"ఓరి నీ భక్తి తగలెయ్య! దీని ముక్కుకి గుడ్డలు కుక్కి కొండ ఎక్కించావా? నాకు ముక్కు మూస్తే నా దొడ్డి దాకా కూడా రాలేను."

గవరయ్య నోరు తెరుచుకుపోయింది. పరుగున నీళ్లు తెచ్చి, చల్లారిన ఇంజనుకి పోశాడు. తాళం తిప్పాడు. దగ్గింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ దగ్గింది. మూడోసారి గుర్రుమంది!

పోలమ్మని పక్కన కూర్చోబెట్టుకుని కొండెక్కి దిగాడు. వేడి చూపించే ముల్లు కదిలితే ఒట్టు.

కింద జంబన్న తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బావా, ముందువైపు ఆగి చూశావు. ఆ దండలు నీకు కనబడలేదూ?"

"కనబడ్డాయి బావా," నక్క తోక ముడిచాడు. "దైవభక్తికి అడ్డు చెప్తే పాపమని..."

"నీ తప్పేం ఉందిలే. కట్టింది నేనేగా!"

ఆ తర్వాత కూడా శుక్రవారం దండ వేశాడు. శనివారం తీసి పోలమ్మకి పెట్టాడు. లచ్చిమి ఎక్కడికీ పోలేదు.

అందుకే, 'నీ మంచికే' అని ఎదుటివాడు చెప్పే మాటని ఒకసారి అనుమానించాలి. 'మంచికే' అని మనం చేసే పనిని రెండుసార్లు అనుమానించాలి.