నక్క జరిపిన హద్దురాయి

ఉడుత చిట్టెన్న దగ్గర మొదట్లో ఉన్న పెట్టుబడి మూడొందల వేరుశనగకాయలు. అవి తినడానికి కాదు, అమ్మడానికి. అడవిలో జంతువులన్నీ నీళ్లకు దిగే రేవు పక్కన జానెడు జాగా చూసుకుని, చిన్న కొట్టు వేసి, కాయలు వేయించి అమ్మాలని అతని ఆలోచన. రేవుకు రోజూ ఎందరొస్తారో, వాళ్లలో ఏదో ఒకటి నమలందే ఇల్లు చేరనివాళ్లు ఎందరో కొమ్మ మీద కూర్చుని లెక్కేశాడు. లెక్క బాగానే తేలింది. చిక్కల్లా వానలతోనే. తొలకరి పడేలోగా కొట్టుకు కప్పు పడకపోతే పెట్టుబడి మొత్తం మొలకలెత్తి కూర్చుంటుంది.

కప్పు పడాలంటే అడవి పురపాలక సంఘం అనుమతి కావాలి. అక్కడ దారుల శాఖ ఏనుగుది, నీళ్ల శాఖ నీటికుక్కది, చెట్ల శాఖ వడ్రంగిపిట్టది. ఎవరి పటం వాళ్ల పెట్టెలో, ఎవరి తాళం వాళ్ల మొలలో. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, ఒకరు సరేనన్నదాన్ని ఇంకొకరు కాదనేవారు. కాగితం అన్ని గుమ్మాలూ దాటి వచ్చేసరికి కుర్రకుందేలు కాస్తా ముసలికుందేలయ్యేది.

ఆ గుమ్మాల మధ్య తిరిగి బతికేవాడు నక్క జంబయ్య. ఏ పటంలో ఏముందో అతనికి తెలుసు, మిగతావాళ్లకు తెలియదు. అదే అతని వ్యాపారం. ఆ సంపాదనతోనే రేవు దగ్గర మూడు ద్వారాల బొరియ తవ్వించుకున్నాడు. చిట్టెన్న ఎంచుకున్న జాగా సరిగ్గా దాని పక్కనే.

"ఎందుకల్లుడూ నీకీ తిప్పలు? సగం కాయలు నా బొరియలో పోసి పో. కాగితం నేను నడిపిస్తా" అన్నాడు జంబయ్య.

చిట్టెన్న మనసులో గబగబా తీసివేతలు చేశాడు. "సగం నీకు పోయి, మిగిలినదాంట్లో మాడిపోయేవీ, అరువు పోయేవీ తీసేస్తే నాకు పొట్టు మిగులుతుంది మావా. ఆ పొట్టు కూడా నువ్వే పట్టుకుపోరాదూ" అన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సంఘానికి కొత్త అధికారిగా తాబేలు కమఠమ్మ వచ్చింది. ఆమె నడక నిదానమే కానీ బుర్ర చురుకైంది. శాఖల పెట్టెలన్నీ తెరిపించి, పటాలన్నిటినీ కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పేర్పించి, వరండాలో పెద్ద తెర పెట్టించింది. గద్ద ఆకాశం నుంచి అడవి మొత్తాన్నీ ఫోటోలు తీస్తుంది. ఆ ఫోటోల్లో హద్దురాళ్లు ఎక్కడుంటే తెర మీద గీతలు అక్కడ పడతాయి. ఇక ఎవరైనా వచ్చి తమ జాగా మీద వేలు పెట్టి చూసుకోవచ్చు. అడ్డేమీ లేకపోతే పచ్చగా వెలుగుతుంది, అనుమతి ఆ పూటే చేతికొస్తుంది. అడ్డుంటే ఎర్రబడుతుంది, కారణం కిందే కనబడుతుంది.

ఈ కబురు విని చిట్టెన్న తోక పైకి లేచింది, జంబయ్య తోక కిందికి జారింది. కుర్రాడొకడు తనంతట తాను వెళ్లి అనుమతి తెచ్చుకున్నాడంటే రేపటి నుంచి తన గుమ్మం ఎవరు తొక్కుతారు? ఆలోచించగా జంబయ్యకు ఓ సంగతి తట్టింది. తెర కొత్తదైతే కావచ్చు, రాళ్లు పాతవే కదా. ఏనుగుల దారి వెడల్పు ఎక్కడిదాకో చెప్పే హద్దురాయి మద్దిచెట్టు మొదట్లో ఉంటుంది. మద్దిచెట్టు తర్వాత తన బొరియ, ఆ తర్వాత చిట్టెన్న జాగా, ఆపైన రేవు. గద్ద ఎగరడానికి ముందురోజు జంబయ్య ఆ రాయిని ఎవరూ చూడకుండా దొర్లించుకుంటూ వెళ్లి, చిట్టెన్న జాగాకు అవతల పాతేశాడు. తన బొరియ సంగతి అతనికి తట్టనే లేదు. దానికి అనుమతి ఏనాడో వచ్చింది. పైగా ఆఫీసులో ఎవడి కాగితం తీస్తే వాడి జాగా ఒక్కటే చూస్తారన్నది అతని చిరకాల అనుభవం.

మర్నాడు గద్ద ఫోటోలు తీసింది. తెర తెరుచుకోగానే చిట్టెన్న అందరికంటే ముందు వరసలో నిలబడ్డాడు. జంబయ్య కూడా వేడుక చూడటానికి వచ్చాడు. శాఖలవాళ్లంతా తెర ముందే కూర్చున్నారు.

చిట్టెన్న వేలు పెట్టాడు. ఎర్రబడింది. 'ఏనుగుల దారిలో ఉంది' అని కింద కనబడింది.

దారుల శాఖ ఏనుగు నాగన్న ఫోటోను దగ్గరగా చూసి తల ఊపాడు. "రాయి ఎక్కడుంటే దారి అక్కడిదాకా. నీ మీద నాకు కోపం లేదు బాబూ. కానీ మా మంద నడిచేటప్పుడు కాళ్ల కింద ఏముందో చూసుకోదు."

"ఆ రాయి మా తాత పుట్టకముందు నుంచీ అక్కడే ఉందండీ" అని జంబయ్య సాక్ష్యం పలికాడు. తర్వాత చిట్టెన్న చెవిలో, ఇప్పటికైనా మించిపోయింది లేదనీ, కాకపోతే సగం సరిపోదు, ముప్పావు అవుతుందనీ చెప్పాడు.

చిట్టెన్న తల తిప్పి చూశాడు. బయట మబ్బు పడుతోంది. రాయి నిన్నటిదాకా మద్దిచెట్టు దగ్గరే ఉందని అతనికి తెలుసు, వారం రోజులుగా ఆ దారంతా గంతులతో కొలిచినవాడు. కానీ ఆ మాట అంటే, కుర్రవాడి మాటకూ పెద్దమనిషి మాటకూ తూకం వేస్తారు. ఆ తూకంలో తను తేలిపోతాడు. అందుకని కోపం మింగేసి తెర వైపే చూశాడు. మద్దిచెట్టు, బొరియ, తన జాగా, రాయి. వరస ఒకసారి లెక్కపెట్టుకోగానే అతని మీసాలు కదిలాయి.

"ఎరుపంటే ఎరుపే అమ్మగారూ, ఒప్పుకుంటున్నా" అన్నాడు వినయంగా. "ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నా. నాకూ మద్దిచెట్టుకూ మధ్యనున్న జాగా ఏ రంగులో ఉందో కాస్త చూపిస్తారా?"

కమఠమ్మ నిదానంగా వేలు కదిపింది. మొదటి ద్వారం ఎర్రబడింది. రెండోదీ ఎర్రబడింది. మూడోది మిగతా రెంటికంటే ఎర్రగా కనబడింది, కనీసం జంబయ్య కళ్లకు.

నాగన్న నిట్టూర్చాడు. "ఎన్నాళ్ల కిందట కట్టినా దారిలో ఉన్నది తీసేయాల్సిందే. కూలీలెందుకు దండగ, రేపు పొద్దున మంద నీళ్లకు దిగుతుంది. ఒకసారి అటూ ఇటూ నడిస్తే చదునైపోతుంది."

"అదెలా కుదురుతుందండీ" అన్నాడు జంబయ్య ముందుకొచ్చి. "దారి మద్దిచెట్టు దగ్గరే ఆగిపోతుంది కదా."

"రాయి ఇక్కడుంది మరి."

"రాయి ఇక్కడిది కాదండీ, అక్కడిది."

అందరూ జంబయ్య వైపు తిరిగారు. నీటికుక్క నింపాదిగా మీసాలు దువ్వుకుంటూ, "తాత పుట్టకముందు నుంచీ ఇక్కడే ఉందన్నావుగా జంబయ్యా. తాతగారు నిన్న పుట్టారా ఏం?" అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, జంబయ్య చప్పున తన ముందుకాళ్లు చూసుకున్నాడు. గోళ్లలో మద్దిచెట్టు కింది ఎర్రమట్టి ఇంకా అలాగే ఉంది.

కమఠమ్మ కేకలు వేయలేదు. రాయిని అందరూ చూస్తుండగా మళ్లీ చెట్టు మొదటికి దొర్లించమంది. జంబయ్య రొప్పుతూ దొర్లించాడు. గద్ద ఇంకోసారి ఎగిరి వచ్చింది. చిట్టెన్న వేలు పెట్టగానే జాగా పచ్చగా వెలిగింది. దాంతోపాటే పక్కనున్న బొరియా పచ్చబడింది.

అనుమతి చేతికొచ్చాక చిట్టెన్న మెట్ల మీద కూలబడ్డ జంబయ్య దగ్గర ఆగాడు. "మావా, కొట్టుకు పునాది రాళ్లు కావాలి. రాళ్లు దొర్లించడంలో నీకున్న అనుభవం ఈ అడవిలో ఇంకెవరికుంది? కూలి రోజుకు పది కాయలు. వేయించినవే ఇస్తా."

జంబయ్య గోళ్లలోని మట్టి దులుపుకున్నాడు. ఆనక, "మాడినవి కలపకూడదు మరి" అని లేచాడు.

ఇద్దరూ రేవు వైపు నడిచారు. మద్దిచెట్టు మీదుగా నల్లమబ్బు కమ్ముకొస్తోంది. చిట్టెన్న మొదటి గుంజ ఎక్కడ పాతాలో చూసుకుని, గడ్డపార ఎత్తాడు.

పక్కవాడి కోసం దొర్లించిన హద్దురాయి ముందుగా మన గడపే దాటుతుంది.