మోటార్లు ఆపి చూసిన రోజు

ఆశయ్య గురువుకు ఒక అలవాటు ఉంది. ప్రశ్న అడిగితే కూర్చుని జవాబు చెప్పడు. లేచి కండువా భుజాన వేసుకుని "నడువు" అంటాడు. బోధ విందామని దూరం నుంచి వచ్చి, కాళ్లనొప్పులు మాత్రం దక్కించుకుని వెళ్లినవాళ్లు ఉన్నారు. శిష్యుడు బాగయ్యకు ఈ సంగతి బాగా తెలుసు. తెలిసీ అడిగాడంటే అవసరం అలాంటిది.

"గురువుగారూ, మా బావను మాఫ్ చేసిన్నని పదిమంది ముంగట చెప్పిన. మనసుల గూడ అట్లనే అనుకున్న. గని ఆయన ఎదురువడితే కడుపుల అగ్గి లేస్తది. అంటే నేను చెప్పింది అబద్ధమేనా?"

"నడువు" అన్నాడు గురువు.

బాగయ్య కడుపుమంటకు కారణం లేకపోలేదు. ఊరి పక్కన ఇప్పుడు మూతపడి ఉన్న మందుల ఫ్యాక్టరీలో ఆయన బావ సాయిలు ట్యాంకరు నడిపేవాడు. మేనేజరు చెప్పిందే వేదమనుకుని, ఫ్యాక్టరీ మురుగును దూరంలోని శుద్ధి కేంద్రానికి తీసుకుపోకుండా ఎండిపోయిన బోర్లలో వదిలేవాడు. ఎండిన బోరుతో ఎవరికేం పని అనుకున్నాడు పాపం! భూమి లోపల గట్లు ఉండవు కదా. చూస్తుండగానే ఊళ్లో బోర్లన్నీ కంపు కొట్టాయి. బాగయ్య పాడి గేదెలు ఒకదాని వెనక ఒకటి చచ్చిపోయాయి. కోర్టు ఉత్తర్వు మీద ఆ నీళ్లు తోడి, బొగ్గు నింపిన ట్యాంకుల్లో శుద్ధి చేసే పని మొదలైంది. ఆ మోటార్ల దగ్గర కాపలా పని సాయిలు తానే అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు ఆయన కూతురి పెళ్లి దగ్గరపడింది. మేనమామ ఎత్తుకు రాకపోతే పెళ్లికూతురు పీటల మీదికి రాదు. సాయిలు భార్య, బాగయ్య చెల్లెలు లచ్చవ్వ వచ్చి, అన్న గడపలో నిలబడి ఏడ్చి వెళ్లింది.

గురుశిష్యులు వెళ్లేసరికి మోటార్ల దగ్గర ఊరంతా పోగై ఉంది. శివరాత్రి నాటికే నీళ్లు బాగున్నాయని రిపోర్టు వచ్చింది. సర్పంచి అప్పుడే కొబ్బరికాయ కొట్టబోతే, పని చూసే ఇంజనీరు సుహాసిని వద్దంది. "తోడుతున్నంతసేపూ బాగానే కనిపిస్తాయండీ. ఆపి చూద్దాం" అని మోటార్లు ఆపించింది. తొలకరి పడ్డాక మళ్లీ తీసి చూడాలంది. ఆ చూసే రోజు ఈ రోజే.

ఒక బోరులోంచి నీళ్లు పైకి తీశారు. తేటగా ఉన్నాయి. సర్పంచి కొబ్బరికాయ ఎత్తాడు. అంతలో గుప్పున వాసన వచ్చింది, అదే పాత వాసన. రిపోర్టు కోసం ఎదురుచూడాల్సిన పని ఎవరికీ లేకపోయింది.

"ఏందమ్మా ఇది? ఇన్ని దినాలు తోడింది అబద్ధమేనా?" అన్నాడు సర్పంచి.

"అబద్ధమెందుకవుతుందండీ? అప్పుడు నీళ్లలో ఉన్నది నిజంగానే పోయింది. ఇది రాతిలో ఇంకి ఉన్నది, ఇప్పుడు నీళ్లలోకి దిగింది. దిగితేనే కదా తోడగలం!" అంది సుహాసిని.

జనం ఆమెను ఏమీ అనలేక సాయిలు మీద పడ్డారు. నోటికొచ్చినట్టు తిట్టారు. సాయిలు తల ఎత్తలేదు. ఎవరూ చెప్పకుండానే స్టార్టరు దగ్గరకు వెళ్లి బటన్ నొక్కాడు. మోటారు అందుకుంది. వెనక్కి తిరిగేసరికి ఎదురుగా బాగయ్య కనిపించాడు. సాయిలు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడిపోయాడు.

బాగయ్య కడుపులో అగ్గి ఎప్పటిలాగే లేచింది. ఇదివరకైతే ముఖం తిప్పుకుని పోయేవాడు. ఈసారి అక్కడే నిలబడ్డాడు. మంట మీద కోపం రాలేదు, సిగ్గూ వేయలేదు. బావ బాగా చిక్కిపోయాడని మాత్రం తోచింది, మనసు చివుక్కుమంది.

"పెండ్లికి పోత, గురువుగారూ" అన్నాడు బాగయ్య. "గని ఆడ గూడ మల్ల లేస్తది ఇది. ఎన్నిసార్లని మాఫ్ చెయ్యాలె?"

ఆశయ్య గురువు మోటారు వైపు చూశాడు.

"బటన్ నొక్కేటప్పుడు మీ బావ ఎన్నిసార్లని అడగలే."