తవుడు బస్తా బదులు ఇనస్పెక్టరు

మోపెడ్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, ఒకానొక ఊళ్లో ముత్యాలనే పదహారేళ్ల పిల్ల ఉండేది. మోకాలు విరిగిన మేనత్త నూకాలమ్మను వెనక కూర్చోబెట్టుకుని వెళ్లి, కట్టు మార్పించుకు రావాలని దాని ఆరాటం. కానీ ఎల్ బోర్డు బండి వెనక మనిషి ఎక్కకూడదని చట్టం. అందుకే అత్త, బండి వెనక తవుడు బస్తా కట్టించి, మంచం మీద నుంచే కేకలేస్తూ బండి నేర్పింది.

పరీక్షలో ముత్యాలు కాలు కింద పెట్టకుండా ఎనిమిది వేసి చూపించింది. అయినా బ్రేక్ ఇనస్పెక్టరు వీరభద్రరావు పెదవి విరిచాడు.

"వెనక మనిషి కూర్చుంటే నీవల్ల అవుతుందా? వచ్చే ఏడాది రా, పో!"

అంతలో ఆయన జీపు మొరాయించింది. అవతల పై అధికారి కూతురి పెళ్లి ముహూర్తం ముంచుకొస్తోంది.

"ఏయ్ పిల్లా, నన్ను పెళ్లి పందిరి దగ్గర దింపు!"

ముత్యాలు ఆయన్ని వెనక ఎక్కించుకుంది. దారి పొడుగునా ఆయన "నెమ్మది, నెమ్మది!" అని అరుస్తుంటే, బస్తాయే నయం అనుకుంది. తిన్నగా తీసుకెళ్లి పై అధికారి ఎదుటే ఆపింది.

"అయ్యగారూ, నాకు బండి వచ్చనే ఎక్కారా, రాదని తెలిసీ ఎక్కారా? వస్తే లైసెన్సు ఇప్పించండి. రాకపోతే చట్టం తప్పింది మనమిద్దరమూనండి."

పై అధికారి పకపకా నవ్వాడు. వీరభద్రరావు పందిట్లోనే సంతకం పెట్టిచ్చాడు.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పి, ఎల్ బోర్డు పీకేసి, ముత్యాలు అత్త కట్టు లేని కాలికి దండం పెట్టింది. "అంతా నీ చలవే అత్తా!"

నూకాలమ్మ కళ్లు తుడుచుకుంటూ బండెక్కి, మేనకోడలి భుజం పట్టుకుంది.

"కట్టు సంగతి తర్వాత. ముందు ఆ జీపు దగ్గరికి పోనియ్యవే, దానికో కొబ్బరికాయ కొట్టాలి."